మా బావ మాటకు తోడు మ్రోగిన తోలుసంచి

శబ్దమునకు ఆదిమూలమై, మూగవోయిన పెదవిమీదను మాటకు చోటు మిగిల్చి ఉంచు పలుకులతల్లికి చేతులు మోడ్చి, ఆషాఢ బహుళ తదియ నాటి ఉదయమున, వాన వెలిసి ఎండ ఇంకను రాని వేళ, సూరతు నగరమందలి గోడాదరాలో మా యింటి వసారాన కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వ్రాయడానికి కారణం చిన్నదే. నిన్న సాయంత్రం మా అక్క ఫోను చేసింది. క్షేమసమాచారాలు ఏవీ అడగకుండా, "తమ్మీ, సంచి పలిగింది. మీ బావ మల్ల నోరు మూసిండు. జర వచ్చిపో," అని మాత్రం చెప్పి పెట్టివేసింది. ఆ రెండు సంగతులకూ నడుమ ఉన్న సంబంధం మా కుటుంబంలో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే గాని, వినని వారికి వింతగా తోస్తుంది. నా తోటి వయసువారు సంచి అనగానే కూరగాయలకు తీసుకొనిపోయే గుడ్డసంచిని తలచుకుంటారేమో. ఇది అది కాదు. ముష్టియుద్ధం నేర్చుకునేవారు చేతివేగానికై కొట్టే తోలుసంచి, చిన్న సొరబుర్రవలె పైన సన్నగా క్రింద లావుగా ఉండి, గాలి నింపుకొని, ఒక గుండ్రని చెక్కపలక అడుగున కొక్కేనికి వ్రేలాడుతూ ఉంటుంది. కుర్రకారు దానిని స్పీడ్ బ్యాగ్ అంటారు. ముష్టియుద్ధమంటే ఏమిటో ఎరుగని, ఎవరిమీదా చేయి ఎత్తని మా బావ ఆ సంచిని ఇన్నేండ్లుగా ప్రతి ఉదయమూ కొడుతూ వచ్చినాడు. ఆ కథే చెప్పబోతున్నాను.

బావ నన్ను సూరతుకు తెచ్చినవాడు. సిరిసిల్ల వైపు మా పల్లెలో ఒక వృద్ధ పండితుని వద్ద కావ్యాలూ ఛందస్సూ చదువుకొని, ఆ చదువుతో ఏమి చేయవలెనో తెలియక తిరుగుతున్న నన్ను, ఇక్కడి తెలుగు బడిలో ఉపాధ్యాయుడు కావలెనని ఎవరో అనగా విని, వెంటబెట్టుకొని వచ్చి తన గదిలోనే ఒక మూల చోటిచ్చినాడు. అప్పటికే అతడు సాంచల మీద పేరుపడ్డవాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. అక్కడా ఇక్కడా అదే మాట. నా మొదటి జీతం రాకముందు ఒకనాడు అతడు నన్ను తన కార్ఖానాకు తీసుకొనిపోయినాడు. రేకుల కప్పు క్రింద వరుసలుగా సాంచలు, ఒక్కొక్క సాంచలో దారం మోసే నాడె అటు పోయినప్పుడొక దెబ్బ, ఇటు వచ్చినప్పుడొక దెబ్బ, అన్నీ కలిసి చెవులను గాక నేరుగా ఎముకలను పట్టుకొని ఊపే ధ్వని. ఆ ధ్వనిలో పనివారు పెదవుల కదలికనూ వేళ్ళ సైగలనూ చూసి మాట్లాడుకుంటారు. తప్పనిసరి అయితే గొంతు చించుకొని అరుస్తారు. బావ ఆ మ్రోతలోనే పాటలు పాడేవాడు, శేఠు నడకను అభినయించేవాడు, దూరపు సాంచ దగ్గరి మనిషిని సైగలతోనే నవ్వించి దారం తెగేటట్టు చేసేవాడు. ఇంటికి వచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. అక్క విసుక్కునేది గాని, ఆ విసుగులో ఎంత ముద్దు ఉండేదో నేను చూసినవాడిని.

కాలక్రమాన ఆ పాత సాంచలు తుక్కుగా అమ్ముడుపోయినాయి. నీటి తుంపరతో దారం తోసే కొత్త మగ్గాలు జోల్వా వైపు పెద్ద పెద్ద షెడ్లలోకి పోయినాయి. అక్కడికి బావ వయసువారిని పిలిచినవారు లేరు. ఇంటిపట్టున ఉండిపోయిన బావకు మొదట నిద్ర కరువయింది. నిశ్శబ్దంలో నిద్ర పట్టదని అతడు ఫిర్యాదు చేస్తే మేము నవ్వినాము. చెవులు చాలావరకు పోయినాయని అప్పటికి మాకెవరికీ తెలియదు, బహుశా అతనికీ తెలియదు. కార్ఖానాలో ఎవరికీ ఏమీ వినబడేది కాదు గనుక, వినబడకపోవడం అక్కడ లోపం కాదు.

ఆ లోపం బయటపడిన రోజు మా మేనకోడలి నిశ్చితార్థపు మాటల రోజు. వియ్యాలవారు నవాగామ్ నుంచి వచ్చి మర్యాదగా కూర్చున్నారు. బావ వారిని కుశలమడిగినాడు, మంచినీళ్ళు తాగమన్నాడు, మీ పిల్లవాడు బంగారమన్నాడు. అన్నీ సాంచల నడుమ నిలబడి అరిచినట్టే అన్నాడు. ఆ చిన్న గదిలో ఆ గొంతుకు పెండ్లికుమారుని తాత ఉలిక్కిపడి, ఈయనకు సంబంధం ఇష్టం లేదు కాబోలునని ప్రక్కవారి చెవిలో గొణిగినాడు. మేనకోడలు తండ్రి చేతిమీద చేయి వేసి, "నాన్నా, జర మెల్లగ," అన్నది. అమ్మాయి ప్రేమతోనే అన్నది, నేను ప్రక్కనే ఉన్నాను. సంబంధమూ కుదిరింది, పెండ్లీ చక్కగా జరిగింది. కాని బావ ఆ రోజునుంచి గొంతు తగ్గించడం మొదలుపెట్టినాడు. తన గొంతు ఎంత పైకి పోతున్నదో తనకు వినబడదు గదా. ఎంత తగ్గిస్తే చాలునో తెలియక తగ్గించి తగ్గించి, చివరకు ఏమీ మిగలనంతగా తగ్గించివేసినాడు. అడిగిన దానికి తల ఊపడం, అన్నం పెడితే తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం, అంతే. వైద్యుడు ఇచ్చిన చెవి యంత్రం పెట్టుకుంటే గిన్నెల చప్పుడు గుచ్చుకుంటున్నదని తీసి డబ్బాలో పెట్టినాడు.

అక్క ఏడ్చే మనిషి కాదు. ఇంటిలో చీరలకు ఫాల్ కుట్టడం ఆమె పని, సూదిలో దారం ఎక్కిస్తూ, నావైపు చూడకుండానే ఒకనాడు అడిగింది: "సాంచలు బందైనయి, సరే. మనిషి గూడ బందైతడా తమ్మీ?"

ఇన్ని కావ్యాలు చదివిన నేను ఆమె చేతిలోని సూది తీసుకొని దారం ఎక్కించి ఇచ్చినాను.

ఆ దినాలలో బావ ప్రొద్దున లేచి ఎక్కడికో పోయి, చాలాసేపటికి వచ్చేవాడు. ఎక్కడికి పోతున్నాడో చూచి రమ్మని అక్క నన్ను పురమాయించింది. బడికి సెలవు కావడంతో నేను వెంట పోయినాను. అతడు పాత కార్ఖానాకే పోతున్నాడు. సాంచలు లేని ఆ రేకుల షెడ్డును ఒక యువకుడు అద్దెకు తీసుకొని ముష్టియుద్ధపు వ్యాయామశాల పెట్టినాడు. బావ లోపలికి పోలేదు. బయట రేకుగోడకు అరచేయి ఆనించి, కండ్లు మూసుకొని నిలుచున్నాడు. లోపలినుంచి ఎడతెగని దడదడ ఒకటి వస్తున్నది. నేను కూడా రేకుమీద చేయి పెట్టి చూసినాను. ఒక్క క్షణం, ఆ పాత సాంచలన్నీ తిరిగి వచ్చినాయా అనిపించింది.

వ్యాయామశాల యువకుడు మమ్మల్ని చూసి, "ఆవో కాకా, బాహర్ క్యోం ఖడే హో," అంటూ లోపలికి పిలిచినాడు. ఆ దడదడ చేస్తున్నది చూస్తే ఇంతే ఉన్న ఇటువంటి తోలుసంచి. బావ దానిని చాలాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే ముందుకు పోయి పిడికిలి బిగించినాడు. ఒక దెబ్బ వేసినాడు. రెండవ దెబ్బ వేయబోగా సంచి తిరిగి వచ్చి ముక్కుమీద కొట్టింది. మరల వేసినాడు, మరల ముక్కుమీదనే కొట్టింది. ప్రక్కన త్రాడు దూకుతున్న పిల్లలు పగలబడి నవ్వినారు. ఆ యువకుడు కూడా నవ్వుతూ, "కాకా, యే సాంచా నహీ హై, ఇత్నీ జల్దీ క్యా హై," అని, ఇది సాంచ కాదు, అంత తొందరెందుకన్నట్టు చేయి ఊపినాడు. బావకు మాటలు వినబడలేదు, నవ్వులు మాత్రం కనబడినాయి. అతని ముఖం ముడుచుకుపోయింది. వియ్యాలవారి ముందు ముడుచుకున్న ముఖమే అది. ఇక ఇక్కడికీ రాడని, రేకుగోడ కూడా అతనికి పోయిందని నాకు అర్థమయింది.

అతడు వాకిలి దాటేలోపల ఆ యువకుడే ఒకసారి సంచిని కొట్టి చూపినాడు. అప్పుడు నా చెవికి ఒక సంగతి పట్టింది. పిడికిలి తాకిన తరువాత సంచి పలకను వెనుకవైపు కొట్టి, ముందువైపు కొట్టి, మరల వెనుకకు పోయి కొట్టిన పిమ్మట గాని చేతికి అందదు. ఒక్క దెబ్బకు మూడు మ్రోతలు. సాంచది రెండింటి నడక. నాడె పోవడం, రావడం. జన్మంతా ఆ నడకలో బ్రతికిన బావ చేయి రెండవ మ్రోతకే మరల లేస్తున్నది, సంచి ఇంకా దారిలో ఉండగానే. అతని చేతికి చేతకాక కాదు, వేరే తాళం పట్టుబడినందువల్ల వచ్చిన చిక్కు. బడిలో పిల్లలకు పద్యాల నడక నేర్పేటప్పుడు బల్లమీద తట్టి చూపే తిశ్రగతి ఇదే గదా అనిపించి నాకు నవ్వూ వచ్చింది, ఒడలూ గగుర్పొడిచింది.

బావను చేయి పట్టి వెనుకకు తెచ్చినాను. చెబితే వినబడదు గనుక అతని వెనుక నిలబడి, వీపుమీద అరచేతితో తకిట, తకిట, తకిట అని తట్టినాను. మొదటి తట్టు గట్టిగా, తక్కిన రెండు తేలికగా. పంచె కట్టుకొని, భుజాన ఉత్తరీయంతో ఒక పంతులు ఒక ముసలివాని వీపును మృదంగం చేసుకోవడం చూసి పిల్లలు నవ్వు మరచి దగ్గరకు వచ్చినారు. బావ గట్టి తట్టు పడినప్పుడల్లా పిడికిలితో మెల్లగా తాకడం మొదలుపెట్టినాడు. ముక్కుకు ఇంకా కొన్ని తగిలినాయి. ఉన్నట్టుండి ఒకచోట చేయీ సంచీ కలిసిపోయి, ఆ దడదడ తెగకుండా సాగింది.

ఆ మ్రోత నడుమ బావ తల వెనుకకు తిప్పి, సాంచల నాటి గొంతుతో, "బామ్మర్దీ! ఇగో దొర్కిందిరో!" అని అరిచినాడు.

అంత పెద్ద గొంతుతో అరిచినా ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ చప్పుడులో ఆ గొంతు సరిగ్గా ఇమిడిపోయింది.

అతడు మూగవోయినది మాటలు లేక కాదని నేను తెలుసుకున్నది అప్పుడే. నిశ్శబ్దపు గదిలో తన గొంతును ఎక్కడ పెట్టుకోవలెనో అతనికి తెలియలేదు; మ్రోత ఉన్నచోట దానికి చోటు ఉన్నది.

ఆ యువకుడు మంచివాడు. కుట్లు వదలిన పాత సంచి ఒకటి మూల పడి ఉంటే, తీసుకొనిపొమ్మన్నాడు. బావ దానిని తానే బాగుచేసుకున్నాడు. సాంచలు విప్పినప్పుడు జ్ఞాపకంగా దాచుకున్న చెక్కలు, పోగులను సరిచేసే పన్నె బిగించేవి, కొన్ని ఉంటే వాటిని అతికించి గుండ్రని పలక చేసినాడు. డాబామీదికి పోయే మెట్ల క్రింద, వంటగది కిటికీ ఎదురుగా బిగించినాడు. అక్క మొదట నడుముమీద చేతులు పెట్టుకొని చూసి, "ఇంట్ల సంటిపిల్ల లేకపాయె, ఉయ్యాల మాత్రం కట్టిండు," అన్నది. పిడికిళ్ళు ఒరుసుకొనిపోతున్నాయని చూసిన తరువాత మాత్రం చీర ఫాల్ ఒకటి పొడవుగా మడిచి, చేతికి చుట్టి, మణికట్టు దగ్గర ముడి వేసింది. వీధిలో ఈ సంగతి తెలిసిపోయి, అక్క చీర బావ చేతికి కట్టిందని చాలా దినాలు వేళాకోళం నడిచింది. క్రింది యింటి మరాఠీ ఆమె మెట్లెక్కి వచ్చి, "క్యా దీదీ, ఘర్ మే సాంచా లగాయా క్యా?" అని, ఇంటిలోనే సాంచ పెట్టించినావా అన్నట్టు అడిగింది. చప్పుడుకు తిట్టడానికి వచ్చిందేమో అనుకున్నాము. తీరా చూస్తే, కార్ఖానా నుంచి వచ్చిన తన భర్తకు ఆ చప్పుడులో హాయిగా నిద్ర పడుతున్నదని, ఆపవద్దని చెప్పడానికి వచ్చిందట.

ఇంటిలో అతని మొదటి మాట వినడానికి నేను అక్కడ లేను. అక్క చెప్పగా విన్నదే, ఎన్నిసార్లు చెప్పిందో! ఒకనాటి ఉదయం ఆమె చాయ్ పెడుతుండగా, కిటికీ అవతల సంచి మ్రోత జోరందుకున్నది. ఆ మ్రోతలోనుంచి, "ఏమే! నిన్నటి పప్పుల ఉప్పు తక్కువైంది!" అని కేక. అక్క గరిట పట్టుకొని బయటకు ఉరికి వచ్చి, "నిన్నటి పప్పుకు ఇయ్యాల చెప్తవా? నోట్ల నాలిక లేకుండెనా నిన్న?" అని తిట్టడం మొదలుపెట్టి, తిట్టు పూర్తి చేయలేకపోయిందట. బావ కొట్టడం ఆపలేదు. ఆమె సంచికి అవతల, తనకు ఎదురుగా వచ్చి నిలుచున్నది. సంచి అటు పోయినప్పుడు ఆమె ముఖం కనబడుతుంది, ఇటు వచ్చినప్పుడు మరుగవుతుంది. ఆ సందులోనే అతడు ఆమె పెదవులు చదువుకున్నాడు, కార్ఖానాలో వరుస అవతలి మనిషి పెదవులు చదివినట్టు. ఆ రోజునుంచి వారి సంసారపు ముచ్చట్లన్నీ ఆ తోలుసంచికి ఇరుప్రక్కలా నిలబడి జరిగినవే. మేనకోడలికి బిడ్డ పుట్టినప్పుడు పేరు నిర్ణయమయిందీ అక్కడే. ఊరికి పోవలెనా వద్దా అన్న పోట్లాటలూ అక్కడే. చేతులు ఆగితే మాట ఆగిపోయేది. అందుచేత పోట్లాట ముదిరినప్పుడు బావ అలసట నటించి చేతులు దించేవాడని అక్క ఆరోపణ.

నేను కూడా ఆ సంచిని కొట్టి చూసినాను. దానిలోని ఆకర్షణ ఏమిటో బయటనుంచి చెప్పడం కష్టం. కోపంతో కొడితే అది వక్రంగా తిరిగి మొగంమీద పడుతుంది. మెల్లగా, గుండ్రంగా, దీపానికి హారతి త్రిప్పినట్టు పిడికిలిని త్రిప్పితేనే మాట వింటుంది. మొదట కంటితో వెంబడిస్తాము, కన్ను ఓడిపోతుంది. తరువాత చెవికి అప్పగిస్తాము. చివరకు చెవి కూడా ప్రక్కకు తప్పుకొని, మణికట్టులో ఎక్కడో తాళం తానే నిలుస్తుంది. ఓడించడానికి అవతల మనిషి లేడు, గెలిచినా ఇచ్చేవాడు లేడు. అయినా ఆ తాళం కుదిరిన కాసేపూ ఒంటరితనం ఉండదు. నా తంటాలు చూసి బావ, "పంతులూ, నీ చెయ్యి సుద్దముక్కకే పనికొస్తది, దాన్ని ఇడిసిపెట్టు," అని ఇల్లు అదిరేటట్టు నవ్వేవాడు. ఆ నవ్వు కోసం నేను చాలాసార్లు కావలెననే తప్పు కొట్టినాను.

నిన్న అక్క ఫోను వచ్చిన వెంటనే పోయి చూసినాను. ఈ ఏటి వానల చెమ్మకు తోలు నాని, కుట్టు పొడుగునా చీలిపోయింది. సంచి గాలి పోయి, వడలిన వంకాయవలె కొక్కేనికి వ్రేలాడుతున్నది. బావ దాని క్రింద ముక్కాలిపీటమీద కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళుగా అతని భుజాలు కూడా సడలినాయి. చేతులు గడ్డం దాకా లేచినా ఎక్కువసేపు నిలవడం లేదు. ఇప్పుడు అతని చేతికి గాని చెవికి గాని అందే మ్రోత ఏదీ లేదు. నన్ను చూసి తల ఊపినాడు, అంతే. అక్క కిటికీలోనుంచి మా ఇద్దరినీ చూస్తున్నది. చీలిన సంచిని విప్పి, ఉత్తరీయంలో చుట్టి, ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడది నా ప్రక్కనే బల్లమీద ఉన్నది.

మేము వచ్చిన నాటి సూరతు ఎప్పుడూ మ్రోగుతూ ఉండేది. గోడాదరా సందులలో నడుస్తుంటే ఏ గోడవెనుక ఎన్ని సాంచలున్నాయో కాళ్ళకు తెలిసేది. ఇప్పుడు ఆ గోడల వెనుక గదులున్నాయి, గదులలో మనుషులున్నారు, వారి చెవులలో ఎవరికి వారికి వేరు వేరు పాటలున్నాయి. నా మనుమరాలు నాతో తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో నడిపించి గుజరాతీలో ముగిస్తుంది. ముద్దుగానే ఉంటుంది, కాని నేను పెదవులు చూస్తూ కూర్చోవలసి వస్తుంది, ఆ సంచి ముందు నిలబడి బావ అక్క పెదవులు చూసినట్టే. నేను పాఠం చెప్పిన తెలుగు తరగతులు ఒక్కొక్కటిగా తగ్గిపోయినాయి. గురువుగారు నాకు ప్రాణప్రదంగా అప్పగించిన పద్యాల నడకలను, విని వల్లించే పిల్లలు లేక, ఎవరికి అప్పగించవలెనో తెలియక చాలాకాలం బాధపడ్డాను. ఈ వేళ ఈ చీలిన తోలును చేతిలో పట్టుకొని చూస్తే అనిపిస్తున్నది, వాటిలో ఒక్కదానిని మాత్రం ఒక చెవిటి నేతగాని వీపుమీద వ్రాసి ఇచ్చినాను, అతడు దానిని ఇన్నేండ్లు ఒక్క ఉదయమైనా మరువక వల్లె వేసినాడు. నా కడపటి శిష్యుడు అతడే కావచ్చును. అంతకన్న మంచి శిష్యుడు మాత్రం దొరకలేదు.

శ్రావణ శుద్ధ విదియ నాడు చేర్చిన మాట. వ్యాయామశాల యువకుడు చూపిన చర్మకారుని చేత కొత్త కుట్టు వేయించి, గాలి నింపించి, ఈ ఉదయం సంచిని మరల వ్రేలాడదీసినాము. బావ భుజాలు లేవలేదు. అక్క తన చేతికి తానే ఫాల్ చుట్టుకొని ముందుకు వచ్చి కొట్టింది. సంచి తిరిగి వచ్చి ఆమె ముక్కుమీద పడింది. బావ పీటమీదనుంచి లేచి, ఒక అరచేయి చెక్కపలకకు ఆనించి, రెండవ చేతితో ఆమె వీపుమీద తట్టుతూ, "సాంచ గాదే పిచ్చిదానా! తకిట అను, తకిట!" అని అరిచినాడు. చాయ్ చల్లారిపోయినది. వారింకా మాట్లాడుతుండగా నేను ఇంటికి వచ్చినాను.